గొట్టం పట్టిన చెయ్యి

కైసా ఇంట్లో సౌనా తలుపు మూయరు.

సోయింతులా దీవిలో ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. అక్కడ ప్రతి పెరట్లోనూ ఓ చెక్క గది ఉంటుంది. శనివారం సాయంత్రం పొయ్యి మీద రాళ్ళు కాల్చి, వాటి మీద నీళ్ళు చల్లి, ఇంటిల్లిపాదీ ఆ ఆవిరిలో కూర్చుంటారు. ఫిన్లాండ్ నుంచి ఓడెక్కి వచ్చిన తాతలు పెట్టిపోయిన అలవాటది. తలుపు బార్లా తీసిపెట్టి ఆవిరి పట్టడమంటే చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. అయినా కైసా వినదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. గుమ్మం పక్కనే కూర్చుని, తలుపు పడిపోకుండా కాలు అడ్డం పెట్టుకుంటుంది.

"అక్కా, దీవిలో కట్టెలన్నీ తగలేసి బయట కాకులకి చెమట పట్టిస్తున్నాం," అంది చెల్లెలు ఇర్మా, పై మెట్టు మీద తువ్వాలు చుట్టుకుని వణుకుతూ.

"పట్టనీ. వాటికీ ఒళ్ళు నొప్పులుంటాయి."

"నాకు ముక్కు కారుతోంది."

"నీకు ఎండాకాలంలోనూ కారుతుంది."

ఇర్మా నవ్వలేదు. మామూలుగా అయితే నవ్వేది. ఆ వారమే పట్నంలో పెద్దాసుపత్రి సర్జన్ పెల్టియే స్కాను చూసి చెప్పింది. కైసా ఎడమ కిడ్నీలో గడ్డ ఉంది, ఇంకా పక్కలకి పాకలేదు, ఇప్పుడు తీసేస్తే మనిషి దక్కుతుంది, చలికాలం దాకా ఆగితే తను ఏ మాటా ఇవ్వలేనని. కైసా అంతా విని, కోటు గుండీలు పెట్టుకుంటూ, "మత్తు లేకుండా కొయ్యగలరా?" అని అడిగింది. సర్జన్ హాస్యమనుకుని నవ్వింది. కైసా లేచి వచ్చేసింది.

ఆమె హాస్యమాడలేదు. కొన్నేళ్ళ కిందట వేరే ఊళ్ళో, వేరే ఆస్పత్రిలో ఆమెకి అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. మత్తిచ్చారు, నిద్రపోయింది. తర్వాత మెలకువ వచ్చింది. అయిపోయిందనుకుంది. అవలేదు. గొంతులో గొట్టం ఉంది, కళ్ళ మీద ప్లాస్టరు ఉంది, పొట్టలో ఎవరివో చేతులున్నాయి. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. కాలు కదపబోతే కదల్లేదు. కాలు పోనీ, చిటికెన వేలు కూడా కదల్లేదు. ఊపిరి సైతం తనది కాదు, మిషన్ పీలిస్తే పీల్చినట్టు. పైన ఇద్దరు మగవాళ్ళు పడవల షెడ్డు కప్పుకి రేకు మంచిదా, దేవదారు చెక్క మంచిదా అని తీరిగ్గా వాదించుకుంటున్నారు. ఆ నొప్పి ఎలాంటిదో కైసా ఇంతవరకూ ఎవరికీ విడమరిచి చెప్పలేదు. మనమూ అడగొద్దు.

అంతకన్నా ఆమెని ఎక్కువ కాల్చుకుతిన్నది ఆ తర్వాత జరిగిన సంగతి. అది తెలియాలంటే ముందు ఆమె పని తెలియాలి.

కైసా సముద్రం అడుక్కి దిగి, రాళ్ళకి పట్టుకుని ఉండే ముళ్ళకాయలనే గుండ్రటి ప్రాణుల్ని ఏరుతుంది. వాటి లోపలి గుజ్జుకి దూర దేశాల్లో గిరాకీ. పడవ మీద కంప్రెసర్ గాలి కొడుతూ ఉంటుంది. పొడుగాటి గొట్టం గుండా ఆ గాలి ఆమె నోటికి అందుతుంది. పైన ఇర్మా ఆ గొట్టం పట్టుకుని నిలబడుతుంది. కిందున్న మనిషికీ పైనున్న మనిషికీ మధ్య మాటలుండవు, అన్నీ ఆ గొట్టంతోనే. పైనుంచి ఒక్కసారి లాగితే, బాగున్నావా అని అడగడం. కిందనుంచి ఒక్కసారి లాగితే, బాగున్నాను అని చెప్పడం. నాలుగుసార్లు లాగితే, నావల్ల కాదు, నన్ను పైకి లాగు అని. ఇక తల నీళ్ళ పైకి తేలగానే, ఏం జరిగినా సరే, బొటనవేలూ చూపుడువేలూ సున్నా చుట్టి పడవకి చూపించాలి. చూపించకపోతే పైనున్నవాళ్ళు నీళ్ళలోకి దూకేస్తారు.

కైసా ఈ పనిలోకి దిగి పాతికేళ్ళు దాటింది. ఆ నాలుగు లాగుళ్ళు ఒక్కనాడూ లాగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కైసా అమ్మనైనా అడిగే రకం కాదు. ఓ చలికాలం గొట్టం రాతి సందులో నలిగి గాలి సన్నగిల్లింది. ఇర్మా పైనుంచి అడిగింది. బాగున్నాను, అంది గొట్టం. మళ్ళీ అడిగింది. బాగున్నాను. తనే తంటాలు పడి విడిపించుకుని పైకి వచ్చేసరికి కైసా పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆ స్థితిలోనూ వేళ్ళతో సున్నా చుట్టి చూపించి, పడవెక్కి, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఇర్మా ఆవేళ అక్కని చెంప మీద కొట్టింది. అక్కని కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు ఆ అపెండిక్స్ నాటి సంగతి. తెలివి వచ్చాక నర్సు మంచం మీదికి వంగి, "అంతా బాగేనా?" అని అడిగింది. కైసా చెయ్యి తనంతట తానే లేచి సున్నా చుట్టింది. తల నీళ్ళ పైకి తేలింది కదా, చెయ్యికి అంతే తెలుసు. నర్సు సంతోషించి వెళ్ళిపోయింది. మర్నాడు కైసా నోరు విప్పితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "పీడకల వచ్చుంటుందమ్మా" అన్నారు. "మీరే కదా బాగున్నానని చెయ్యి చూపించారు" అన్నారు. పడవల షెడ్డు కప్పు సంగతి చెబితే, అది ముందో వెనకో విని ఉంటారన్నారు. తన చెయ్యే తన మీద సాక్ష్యం చెప్పింది. కైసాకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

అప్పట్నుంచి ఆమె వెల్లకిలా పడుకోదు, కుర్చీలో కూర్చునే కునుకు తీస్తుంది. తలుపు మూసిన గదిలో ఉండదు. నీళ్ళ అడుగున మాత్రం ఏ భయమూ లేదు. అక్కడ చెయ్యి కదులుతుంది, చేతికి గొట్టం అందుతుంది, గొట్టం చివర ఇర్మా ఉంటుంది.

"అయితే చచ్చిపోతావా?" అంది ఇర్మా ఆ శనివారం. గొంతులో కోపం తెచ్చుకుందామనుకుంది గానీ సగంలోనే ఏడుపు అడ్డం వచ్చింది.

"చావడానికి నాకు తీరికెక్కడిది?" అంది కైసా. "చేయించుకుంటానే. ఎందుకు చేయించుకోను? కానీ పైన గొట్టం పట్టేవాళ్ళు లేకుండా నేను దిగను. నన్ను పట్టుకుని నిలబడే మత్తు డాక్టరు ఎక్కడో ఉంటాడు. దొరికేదాకా తిరుగుతా."

తిరిగింది. మొదటి మత్తు డాక్టరు ఆమె మాట విని, లక్షల్లో ఒకరికి అలా జరుగుతుందని, మళ్ళీ అదే మనిషికి జరగదని లాటరీ టిక్కెట్టు అమ్మేవాడిలా చెప్పాడు. రెండో ఆవిడ మంచిదే, కానీ భయం తగ్గడానికి మాత్రలు రాసిచ్చింది. కైసా ఆ చీటీని ఫెర్రీ డెక్కు మీద నిలబడి గాలికి వదిలేసింది. "భయం నాకు కాదు, వాళ్ళకుండాలి," అంది ఇర్మాతో.

మూడోవాడు లియాంగ్. సన్నగా, కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. కైసా గదిలోకి రాగానే తలుపు తీసి ఉంచమంది. అతను లేచి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి వచ్చి కూర్చున్నాడు. ఇర్మా అక్క వంక చూసింది.

"ఏం విన్నారు?" అని అడిగాడు.

"ఏంటి?"

"అపెండిక్స్ తీసేటప్పుడు మెలకువ వచ్చిందన్నారు కదా. ఏం వినబడింది?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. కైసా చెప్పింది. రేకు, దేవదారు చెక్క, అంతా.

"ఆఖరికి ఏది వేసుకున్నాట్ట?" అన్నాడు లియాంగ్.

"ఏమో. నాకు మళ్ళీ తెలివి తప్పింది."

"రేకే వేసుకునుంటాడు. చెక్కకి నాచు పడుతుంది." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అది కల కాదండీ. మేం రెండు రకాల మందులిస్తాం. ఒకటి నిద్రకి. రెండోది ఒళ్ళు కదలకుండా. మొదటిది తగ్గి రెండోది పనిచేస్తూ ఉంటే, లోపల మనిషి లేచే ఉంటారు, చెప్పుకునే దారుండదు. చాలా అరుదు. కానీ జరుగుతుంది. మీకు జరిగింది."

కైసా కిటికీ వైపు తిరిగింది. కాసేపటి దాకా ఇటు తిరగలేదు.

"మళ్ళీ జరగదని మాటివ్వు," అంది చివరికి.

"ఇవ్వలేను. మందు ఆగకుండా చూస్తాను, నుదుటి మీద మెలకువ కనిపెట్టే పట్టీ అతికిస్తాను. కానీ రక్తం ఎక్కువ పోతే, ప్రాణం నిలబెట్టడానికి నిద్రమందు తగ్గించక తప్పదు. అప్పుడు మెలకువలోకి తేలే ప్రమాదముంది." లియాంగ్ తన కుడి ముంజేతిని ఎడమ చేత్తో బిగించి పట్టుకున్నాడు. "అందుకని ఇంకో పని చేద్దాం. కదలకుండా చేసే మందు ఎక్కించే వేళకి మీ చేతికి ఇక్కడ బీపీ పట్టీ బిగిస్తాను. మందు ఒళ్ళంతా పాకుతుంది, ఈ చేతిలోకి మాత్రం పోదు. ఒళ్ళంతా నాది. ఈ చెయ్యొక్కటి మీది."

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆ చెయ్యి ఎవరు పట్టుకుంటారు?" అంది కైసా.

"నేను పట్టుకుంటా," అంది ఇర్మా.

"మిమ్మల్ని లోపలికి రానివ్వరండీ. నేను పట్టుకుంటాను. మిషన్లు చూడ్డానికి ఇంకో డాక్టర్ని పక్కన పెట్టుకుంటాను."

"పట్టుకోవడం నీకు చేతనవునా?" అంది ఇర్మా మొహమాటం లేకుండా. "ఇదిగో డాక్టరు బాబూ, చెయ్యి పట్టుకోవడమంటే పెళ్ళిలో పట్టుకోవడం కాదు. ఆదివారం మా రేవుకి రా. ఒక పూట మా అక్క గొట్టం పట్టు. అప్పుడు చెబుతాం."

కైసా చెల్లెల్ని వారించబోయి మానేసింది. తనకీ చూడాలనే ఉంది.

ఆదివారం ఫెర్రీ దిగి వచ్చాడు లియాంగ్. ఇర్మా మొగుడి పాత రెయిన్ ప్యాంటు తొడిగారు, అది చంకల దాకా వచ్చింది. పడవని రేవు దాటి పోనివ్వలేదు, లోతు మూడు బారలు కూడా ఉండదు.

"కిడ్నీలో గడ్డ పెట్టుకున్న మనిషిని నీళ్ళలో దింపడం డాక్టరుగా నేను చూడకూడదు," అన్నాడు.

"అయితే కళ్ళు మూసుకో," అంది ఇర్మా. "గొట్టం పట్టుకోవడానికి కళ్ళక్కర్లేదు. విను. ఇది చేతిలోకి వచ్చాక ముక్కు దురద పెట్టినా గోక్కోకూడదు. కాఫీ లేదు, ఫోన్ లేదు. తిమింగలం వచ్చి దణ్ణం పెట్టినా తల తిప్పకూడదు. ఇంకో సంగతి. మా అక్క ఒకటి లాగితే నమ్మకు. మళ్ళీ అడుగు."

"నా ఎదురుగానే చెబుతున్నావా?" అంది కైసా, కాళ్ళకి ఈత కొట్టే రబ్బరు రెక్కలు తొడుక్కుంటూ.

"నీ వెనకాల చెబితే నీకు వినబడదుగా."

కైసా దిగింది. ఆకుపచ్చ చీకట్లో, రేవు గుంజల మధ్య, ఊపిరి బుడగలు పైకి పోతున్నాయి. గొట్టం చివర చెయ్యి కొత్తదని ఆమెకి వెంటనే తెలిసింది. ఇర్మా చెయ్యి బరువుగా, నమ్మకంగా ఉంటుంది. ఈ చెయ్యి తేలిక. కానీ వదలడం లేదు. ఆమె ఎటు జరిగితే అటు వస్తోంది, బిగుసుకోవడం లేదు, వదులవడం లేదు. కాసేపటికి ఒక లాగుడు వచ్చింది. బాగున్నావా?

సరిగ్గా అప్పుడే ఎడమ పక్కలో కత్తిపోటులా నొప్పి లేచింది. ఈ మధ్య వస్తూనే ఉంది, ఇర్మాకి చెప్పలేదు. కైసా పళ్ళు బిగించి, ఒక్కసారి లాగింది. బాగున్నాను.

మళ్ళీ వచ్చింది ప్రశ్న. బాగున్నావా?

ఈ కుర్రాడికి ఒకసారి చెబితే అర్థం కాదా అనుకుంది. నొప్పి తగ్గేదాకా గుంజని పట్టుకుని ఆగి, మళ్ళీ ఒకసారి లాగింది.

మరుక్షణం గొట్టం బిగిసింది. అడిగింది లేదు, చెప్పింది లేదు, వలలో పడ్డ చేపని లాగినట్టు లాగేశాడు. కైసా నీళ్ళ మీద తేలి, అంత కోపంలోనూ సున్నా చుట్టి చూపించి, మూతి గొట్టం పీకేసింది.

"ఎవడు లాగమన్నాడు నిన్ను? నాలుగిచ్చానా నేను?"

"ఇవ్వలేదు," అన్నాడు లియాంగ్. గొట్టం ఇంకా వదల్లేదు. "మొదటిసారి వెంటనే చెప్పారు. రెండోసారి ఆలోచించి చెప్పారు. బాగున్నవాళ్ళు ఆలోచించరండీ."

ఇర్మా అక్క మొహం చూసింది, చెయ్యి ఎడమ పక్కని అదిమి ఉండటం చూసింది. కైసా నిచ్చెన పట్టుకుని చాలాసేపు నీళ్ళలోనే ఉండిపోయింది. తిట్టాలని ఉంది. ఇన్నేళ్ళుగా ఎవరూ తన అబద్ధాన్ని అప్పటికప్పుడు పట్టుకోలేదన్నది కూడా నిజం.

"సర్జన్‌తో చెప్పు," అంది. "వస్తున్నానని."

ఆపరేషన్ రోజున తలుపు దగ్గర ఇర్మాని ఆపేశారు. ఆమె అక్క నుదుటి మీద ముద్దు పెట్టి, లియాంగ్ వైపు వేలు చూపించింది. "కాఫీ లేదు, ఫోన్ లేదు."

"తిమింగలం వచ్చినా తల తిప్పను," అన్నాడు లియాంగ్.

లోపల బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఆ దీపాలు చూడగానే కైసా ఒళ్ళంతా లేచి పారిపొమ్మంది. ఆమె పోలేదు. నేనే వచ్చాను, నేనే దిగుతున్నాను అని తనకి తనే చెప్పుకుంది. లియాంగ్ ఆమె కుడి ముంజేతికి పట్టీ బిగిస్తూ, సర్జన్‌కి వినబడేలా మరోసారి చెప్పాడు. "నేను చెయ్యి నొక్కి అడుగుతాను. పలక్కపోతే నిద్రలో ఉన్నట్టు. ఒకటి నొక్కితే లేచారు గానీ నొప్పి లేదని. నాలుగు నొక్కితే కత్తి ఆగాలి. ఎక్కడున్నా సరే ఆగాలి."

"ఆగుతుంది," అంది పెల్టియే. ఇప్పుడు ఆవిడ నవ్వడం లేదు.

మందు ఎక్కింది. కైసా మునిగిపోయింది.

ముందు చప్పుడు వచ్చింది. మిషన్ చప్పుడు, గిన్నెలో ఏదో లోహం పడ్డ చప్పుడు. తర్వాత మాటలు. "ఇక్కడ రక్తం ఆగట్లేదు." "ప్రెషర్ పడిపోతోంది." "నిద్రమందు తగ్గించాను, ఇంకో సీసా రక్తం ఎక్కించండి." కైసాకి అర్థమైంది. తేలింది. గొంతులో గొట్టం, కళ్ళ మీద ప్లాస్టరు, అదే చీకటి, అదే ఒళ్ళు. కాలు కదపబోయింది, లేదు. ఆ పాత భయం ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్ళూ ఈ బల్ల కిందే కాచుకుని ఉన్నట్టు గొంతు పట్టుకుంది.

అప్పుడు తన కుడి అరచేతిలో ఇంకో చెయ్యి ఉందని తెలిసింది. తేలికైన చెయ్యి. రేవులో గొట్టం పట్టిన చెయ్యే. అది ఒకసారి నొక్కింది.

"కైసా గారూ, నేను లియాంగ్‌ని. బాగున్నారా?"

నొప్పి అప్పటికే మొదలైంది. ఎడమ పక్కలో మంట, దాని అడుగున ఏదో లాగుతున్నట్టు. అయినా ఆమె చెయ్యి ఆమెని అడగకుండానే పలికింది. ఒక్కటి. బాగున్నాను.

పైన వాళ్ళు రక్తం ఆపే హడావుడిలో ఉన్నారు, కానీయ్, ఓర్చుకుంటాను, వాళ్ళ పని వాళ్ళని చేసుకోనీ అనుకుంది. ఓర్చుకోవడం ఆమెకి తెలిసిన విద్య. రాతి సందులో ఓర్చుకుంది, కుర్చీలో కూర్చుని ఇన్నేళ్ళు ఓర్చుకుంది. ఇంకాసేపు ఎంత.

చెయ్యి మళ్ళీ నొక్కింది.

"మళ్ళీ అడుగుతున్నాను. తొందర లేదు. నేను ఇక్కడే ఉన్నాను."

అబద్ధమాడితే ఇతనికి తెలిసిపోతుందని ఆమెకి తెలుసు. కానీ అతను తనంతట తాను లాగెయ్యడానికి ఇక్కడ ఆ గొట్టం లేదు. ఇక్కడ తను చెప్పాలి. పాతికేళ్ళుగా చెప్పని మాట ఇప్పుడు ఒళ్ళంతటిలోనూ మిగిలిన ఒకే ఒక్క చేత్తో చెప్పాలి. అంత బలముందా ఈ చేతిలో? కోపం తెచ్చుకుంది. ఆ షెడ్డు కప్పు మీద ఉన్న కోపమంతా తెచ్చుకుంది. నాకు నోరు లేదనుకుంటున్నారా?

నొక్కింది. ఒకటి.

రెండు. వేళ్ళు తడి ఇసుకలో కూరుకున్నట్టున్నాయి.

మూడు. చెయ్యి ఇక్కడ ఆగిపోతే మూడుకి అర్థం లేదు, మూడు ఎవరికీ పనికిరాదు. ఎక్కడో పైన ఇర్మా నిలబడి ఉన్నట్టు, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా ఉన్నట్టు అనిపించింది.

నాలుగు.

"ఆపండి," అన్నాడు లియాంగ్.

"ఇప్పుడా?" అంది పెల్టియే గొంతు.

"ఇప్పుడే. నాలుగిచ్చారు."

లోపల చేతులు కదలడం మానేశాయి. "గుడ్డ పెట్టి అదిమి పట్టుకున్నాను. నువ్వు చెప్పేదాకా కదలను," అంది పెల్టియే. ఇంకెవరూ మాట్లాడలేదు. షెడ్డుల గురించీ లేదు, కప్పుల గురించీ లేదు.

"లాగుతున్నాను కైసా గారూ," అంటున్నాడు లియాంగ్ ఆమె చెవి దగ్గర. "నొప్పికి ఇచ్చాను, నిద్రకి ఇస్తున్నాను. మీరు చెప్పింది వినబడింది. వదలను."

మంట మెత్తబడింది, మాటలు దూరమయ్యాయి. ఈసారి మునగడానికి ఆమె భయపడలేదు.

తెలివి వచ్చేసరికి పైకప్పు తెల్లగా ఉంది. ఎవరో నర్సు వంగి, "అంతా బాగేనా అండీ?" అంది. కైసా చెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. బొటనవేలు చూపుడువేలిని వెతుక్కుంటూ పోయింది. రెండూ కలవబోయేంతలో కైసా వాటిని విడదీసింది. చెయ్యి మళ్ళీ పక్క మీద పెట్టింది.

"లేదు," అంది. గొంతు గీసుకుపోయి ఉంది. "మధ్యలో లేచాను."

నర్సు ఏదో అనేలోపే మంచం అవతలి నుంచి మాట వినబడింది. "అవును. లేచారు. నాకు తెలుసు."

లియాంగ్ టోపీ కూడా తియ్యలేదు. "రక్తం ఆపేటప్పుడు మందు తగ్గించక తప్పలేదు. ముందు ఒకటిచ్చారు, అది అబద్ధం. తర్వాత నాలుగిచ్చారు. క్షమించండి, ఆ కాసేపు తప్పించలేకపోయాను. గడ్డ మొత్తం వచ్చేసింది."

గడ్డ సంగతి ఆమె సరిగ్గా వినలేదు. నాకు తెలుసు అన్న మాట దగ్గరే ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. అపెండిక్స్ నాడు రాని ఏడుపు ఇవాళ వచ్చింది. ఆమె ఆపుకోలేదు, అతను పలకరించలేదు. చెయ్యి మాత్రం ఇంకా అతని చేతిలోనే ఉంది.

సాయంత్రం ఇర్మాని రానిచ్చారు. లియాంగ్ బయటే అంతా చెప్పేసినట్టున్నాడు, కళ్ళు వాచిపోయి, ముక్కు ఎర్రబడి, వచ్చీ రాగానే మొదలుపెట్టింది.

"నాలుగిచ్చావట?"

"ఆఁ."

"నేను పాతికేళ్ళు ఆ గొట్టం పట్టుకుని నిలబడ్డాను. వానలో నిలబడ్డాను, మంచులో నిలబడ్డాను, కడుపుతో ఉండి నిలబడ్డాను. నాకు ఒక్కసారి ఇవ్వలేదు. నిన్న కాక మొన్న వచ్చిన ఆ పీలగాడికి ఇచ్చావా?"

"వాడు రెండోసారి అడిగాడే."

"నేను వందసార్లు అడిగాను!" ఇర్మా కుర్చీలో కూలబడి, చేతి రుమాలు దొరక్క కోటు చేత్తో మొహం తుడుచుకుంది. "పోనీలే. ఎవరికో ఒకరికి ఇచ్చావు. ఇప్పుడైనా ఆ సౌనా తలుపు మూస్తావా?"

"చూద్దాం. సగం మూద్దాం."

పక్కలో మళ్ళీ పోటు మొదలైంది. మందు దిగుతున్నట్టుంది. కైసా పళ్ళు బిగించింది, అలవాటు కొద్దీ. తర్వాత పళ్ళు వదిలేసి, చెయ్యి చాపి, చెల్లెలి వేళ్ళు అందుకుంది. నొక్కింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఇర్మా ఆ చేతి వంక చూసింది.

"ఏంటక్కా? నిజంగానా? నొప్పా? నర్సుని పిలవనా?"

"పిలువు," అంది కైసా.

ఇర్మా కుర్చీ తన్నుకుని లేచింది. వరండాలో ఆమె కేకలకి మూడు గదుల అవతలి రోగులు కూడా లేచి కూర్చున్నారు.